క్షమాపణ చెబితే చాలా, పదవి కూడా వదలాలా?

హంద్రీ (కర్నూలు):
కుంభకోణం బయటపడ్డాక నాయకులు చెప్పే మాట దాదాపు ఒకటే: ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాను.’ చేసిన పని ఏమిటో చెప్పరు, నష్టపోయింది ఎవరో చెప్పరు. నేను దాన్ని క్షమాపణగా లెక్కపెట్టను. కుర్చీ దిగితేనే నమ్ముతాను. మన జిల్లా సంగతే చూడండి. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ వెనుక రాజకీయ కక్ష ఉందని ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1964లో కోర్టు ఆ పథకాలను కొట్టివేసింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు.

తడకలేరు (అనంతపురం):
అన్నా, ఆయన మా ఇల్లూరి మనిషి. అభిమానం నాకూ ఉంది. అయినా రాజీనామాను క్షమాపణ అనలేను. కక్ష ఆరోపణ తన మీదే వచ్చినా, ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి జవాబివ్వలేదు. కోర్టు పట్టుకున్నది ఆ మౌనాన్నే. పదవి వదిలిన ఆ ఏడాదే కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యారు. 1977లో రాష్ట్రపతి. మరి బస్సు యజమానులకు దక్కిన జవాబేమిటి?

అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ పదవి వదల్లేదు. 1998 ఆగస్టు 17న టీవీలో, వైట్‌హౌస్‌లో పనిచేసిన మోనికా లూయిన్‌స్కీతో సంబంధాన్ని ఒప్పుకున్నారు, తప్పన్నారు, కానీ ఆ కొద్ది నిమిషాల్లోనే దర్యాప్తు మీద విరుచుకుపడ్డారు. విన్నవాళ్లకు పశ్చాత్తాపం కన్నా కోపమే ఎక్కువ వినిపించింది. సెప్టెంబరు 11న మతపెద్దల ముందు మాత్రం పాపం చేశానన్నారు, బాధపడినవాళ్లలో మోనికా లూయిన్‌స్కీనీ ఆమె కుటుంబాన్నీ పేరుపెట్టి చెప్పారు. అంతకుముందు నెలల తరబడి అబద్ధమాడిన మనిషే. అయినా నాకు కావలసిన వాక్యం ఆ రెండో ప్రసంగంలోనే ఉంది.

దేవుని కడప:
పేరుపెట్టి ఒప్పుకుంటే రేపు కోర్టులో అదే సాక్ష్యమవుతుంది. ‘నొచ్చుకుని ఉంటే’ అని రాయించేది వకీళ్లే. నాయకుణ్ణి ఒక్కణ్ణే నిందించకండి.

హంద్రీ (కర్నూలు):
వకీలు రాసిచ్చినా చదివే నోరు నాయకుడిదే కదండీ! బ్రిటన్ మంత్రి ప్రొఫ్యూమో 1963 మార్చిలో ఒక యువతితో తన సంబంధం గురించి పార్లమెంటులో అబద్ధమాడి, జూన్‌లో ఆ సంగతి ఒప్పుకుంటూ రాజీనామా ఇచ్చారు. మళ్లీ ఎన్నికల వైపు రాలేదు. తూర్పు లండన్ పేదల మధ్య టాయిన్‌బీ హాల్ అనే సేవాసంస్థలో దశాబ్దాలు సేవ చేశారు. ఒప్పుకోవడం, దిగిపోవడం రెండూ ఒక మనిషికి సాధ్యమైనప్పుడు, మనం ఒకదానితో ఎందుకు సరిపెట్టుకోవాలి?

తడకలేరు (అనంతపురం):
రెండూ అడుగుదాం అన్నా. ముందు ఒప్పుకోలు. బాధితుల ఇంటికి అందేది అదే.