సొరచేపల వీడియో: నీలిరంగు, తెల్లచుక్కలు పోవాలంటే? సొర దగ్గరికి రావాలంటే?

ప్రశ్న:
నలుగురు స్నేహితులం కలిసి స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండరుతో నీళ్ళలో ఈదడం) చేస్తూ 15–18 మీటర్ల లోతులో, పగడపు దిబ్బల దగ్గర సొరచేపల వీడియో తీస్తుంటాం. యాక్షన్ కెమెరా, వాటర్‌ప్రూఫ్ కేసు, రెండు వీడియో లైట్లు ఉన్నాయి. వీడియో అంతా నీలంగా, తెల్లచుక్కలతో వస్తోంది. సొర ఎప్పుడూ దూరంగా తోక చూపిస్తూ వెళ్ళిపోతోంది. ఏం మార్చాలి?

జవాబు 1:
ముందు లైట్లు ఆపేయండి. వాటితో రంగు తేలేది మీటరు, మహా అయితే మీటరున్నర దూరం వరకే. నాలుగు మీటర్ల అవతలి సొరను ఆ వెలుగు అందుకోదు. మధ్యలో తేలే నలుసులు మాత్రం మెరుస్తాయి, మీ తెల్లచుక్కలు అవే.

నీళ్ళు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తాయి. 10 మీటర్లు దాటేసరికి అది దాదాపు మిగలదు. నీలి నీళ్ళలో 5 నుంచి 20 మీటర్ల దాకా ఎర్ర ఫిల్టరు (లెన్సు ముందు పెట్టే ఎర్రటి అద్దం) బాగా పనికొస్తుంది, ఎండ మీ వీపు వెనక ఉండాలి. ఫిల్టరు పెట్టినప్పుడు లైటు వెయ్యొద్దు, దగ్గరివన్నీ ఎర్రబారతాయి. మాన్యువల్ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు మనమే సరిచేసే సెట్టింగు) ఉంటే తెల్ల స్లేటు చూపించి సెట్ చేయండి, మూడు నాలుగు మీటర్ల లోతు మారితే మళ్ళీ చేయాలి. సెకనుకు 60 ఫ్రేములైతే షట్టర్ వేగం సెకనులో 1/120వ వంతు దగ్గర ఉంచండి. జూమ్ జోలికి పోవద్దు. దూరం పెరిగేకొద్దీ మధ్యలో నీళ్ళు పెరిగి బొమ్మ మసకబారుతుంది.

జవాబు 2:
తోకే కనిపిస్తోందంటే మీరు వెంటపడుతున్నారన్నమాట. ఈతలో సొరను ఎవరూ అందుకోలేరు, తరిమితే ఇంకా దూరం పోతుంది. అది తిరిగే దారి గమనించి, ఒక పక్కన, దిబ్బకు దగ్గరగా తక్కువ ఎత్తులో కదలకుండా ఉండండి. పగడాన్ని పట్టుకోవద్దు, తేలడం మీద అదుపు ఉండాలి. నలుగురూ ఒకవైపే ఉండండి. చుట్టూ చేరితే అది బెదిరిపోతుంది. తెల్లమొన రీఫ్ సొరలు (రెక్కల కొసలు తెల్లగా ఉండేవి) పగలు గుహల్లో పడుకుంటాయి, వాటి దారికి అడ్డం నిలబడకండి.

కెమెరా పట్టినవాళ్ళకి గేజి (లోతు, మిగిలిన గాలి చూపే మీటరు) చూడాలన్న ధ్యాసే ఉండదు. అందుకే వాళ్ళ బడ్డీ (జంటగా దిగే తోటి డైవర్) కెమెరా ముట్టకుండా లోతు, గాలి, వెనకవైపు కనిపెట్టుకుని ఉండాలి. సిలిండరులో గాలి 100 బార్‌కి (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) తగ్గగానే వెనుదిరగండి, 50 మిగిలి ఉండగా పైకి తేలండి. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర భద్రత కోసం 3 నిమిషాలు ఆగడం షాట్ కోసం మానకూడదు.

జవాబు 3:
కేసు సంగతి. ఓ-రింగ్ (నీళ్ళు రాకుండా కేసు మూతకు ఉండే రబ్బరు రింగు) మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీళ్ళు లోపలికొస్తాయి. పీచు రాలని గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ఎక్కువ రాస్తే దుమ్ము అంటుకుంటుంది. మొదట కెమెరా లేకుండా ముంచి చూడండి. అద్దం లోపల ఆవిరి పట్టకుండా తేమ పీల్చే స్ట్రిప్ పెట్టి, పొడి గదిలో మూయండి. టచ్‌స్క్రీన్ కేసులో పనిచేయదు కాబట్టి సెట్టింగులు ముందే చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
బుడగలకు బెదురుతాయంటారు కదా. దగ్గరికొచ్చినప్పుడు కాసేపు ఊపిరి బిగబట్టొచ్చా?

జవాబు 2:
వద్దండి. నిండు ఊపిరితో మీటరున్నర పైకి లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. గాలిని సన్నగా, నెమ్మదిగా వదలండి, చప్పుడు తగ్గుతుంది. ఇంకొకటి: బూడిదరంగు రీఫ్ సొర వీపు వంచి, పక్క రెక్కలు కిందికి దించి, ముక్కు పైకెత్తి బిగుసుకుని ఈదుతుంటే అది హెచ్చరిక. షాట్ ఎంత బాగున్నా వెంటనే ఆపి, దానివైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి జరగండి.