అదనపు కోర్లు యాక్టివేట్ చేసినా బ్యాచ్ వేగం పెరగలేదు, పైగా బిల్లు ఎక్కువ వచ్చింది

ప్రశ్న:

మా ఐబీఎం పవర్ సర్వర్‌లో మొత్తం 32 కోర్లు ఉండగా 24 శాశ్వతంగా యాక్టివేట్ అయి ఉన్నాయి. మిగిలిన 8 కోర్లను ఎలాస్టిక్ కెపాసిటీ ఆన్ డిమాండ్ కింద, అంటే ఇదివరకు ఆన్/ఆఫ్ అని పిలిచిన పద్ధతిలో, అవసరం పడినప్పుడు వాడుకుంటాం. మొన్న నెలాఖరు బ్యాచ్ (ఒకేసారి నడిపే పనుల గుంపు) కోసం హెచ్‌ఎంసీ (సర్వర్‌ను నిర్వహించే కన్సోల్) నుంచి 4 కోర్లను 3 రోజులకు కోరాం. అవి యాక్టివేట్ అయినట్లు తెర మీద కనిపించింది గానీ, డేటాబేస్ పార్టిషన్‌లో (పార్టిషన్ అంటే విడి సర్వర్‌లా పనిచేసే సర్వర్ భాగం) నడిచే బ్యాచ్ మాత్రం ఎప్పటి సమయానికే ముగిసింది. ఆ పార్టిషన్ అన్‌క్యాప్డ్ (ఖాళీ కోర్లుంటే తన వాటాను మించి వాడుకోగలది), ఎన్‌టైటిల్‌మెంట్ (హామీగా దక్కే కోర్ల వాటా) 4.0, వర్చువల్ ప్రాసెసర్లు (పార్టిషన్‌కు కనిపించే ప్రాసెసర్లు) 6, ప్రొఫైల్‌లో (పార్టిషన్ అమరికలలో) వాటి గరిష్ఠం 8. బ్యాచ్ నడుస్తుండగా ఎల్‌పార్‌స్టాట్ అనే గణాంకాల కమాండ్‌లో ఫిజ్‌సీ (నిజంగా వాడుతున్న కోర్ల సంఖ్య) 5.98 దగ్గర కదలకుండా నిలిచింది. రెండో చిక్కు బిల్లుది: 12 ప్రాసెసర్ రోజులు (ఒక కోరుకు ఒక రోజు చొప్పున) రావలసిన చోట 18 వచ్చాయి. గడువు ముగియగానే కోర్లు వాటంతట అవే వెనక్కి వెళ్ళిపోతాయనుకున్నాం. ఎక్కడ పొరబడ్డామో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:

మొదటి చిక్కుకు కారణం మీరు రాసిన అంకెలలోనే ఉంది. కొత్తగా యాక్టివేట్ అయిన కోర్లు ఏ పార్టిషన్‌కూ నేరుగా చేరవు, పార్టిషన్లు పంచుకునే షేర్డ్ పూల్‌లోకి వెళ్తాయి. అన్‌క్యాప్డ్ పార్టిషన్ ఎన్‌టైటిల్‌మెంట్‌ను దాటి పూల్ నుంచి తీసుకోగలదు కానీ, తనకున్న వర్చువల్ ప్రాసెసర్ల సంఖ్యను ఎన్నటికీ దాటలేదు. మీకు 6 ఉన్నాయి, మీరు 5.98 వాడుతున్నారు, అంటే పార్టిషన్ అప్పటికే తన కప్పును తాకింది. అదే ఎల్‌పార్‌స్టాట్‌లో యాప్ అనే నిలువు వరుసను చూసి ఉంటే, పూల్‌లో ఖాళీగా పడి ఉన్న కోర్లు కనిపించేవి (హెచ్‌ఎంసీలో ఆ పార్టిషన్‌కు పనితీరు సమాచారం సేకరించే అనుమతి ఇస్తేనే ఈ వరుస వస్తుంది).

డీఎల్‌పార్ (పార్టిషన్ నడుస్తుండగానే వనరులు మార్చే పద్ధతి) ద్వారా వర్చువల్ ప్రాసెసర్లను 8కి పెంచి చూడండి. 8 దాటాలంటే ప్రొఫైల్ మార్చి, పార్టిషన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఆ ప్రొఫైల్‌తో మళ్ళీ యాక్టివేట్ చేయాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను రీబూట్ చేసినంత మాత్రాన కొత్త గరిష్ఠం అమలులోకి రాదు. ఇక్కడ చాలామంది ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుంటారు.

జవాబు 2:

బిల్లు సంగతి నేను చెబుతాను. ఎలాస్టిక్‌లో గడువు ముగిసినా, ఆ కోర్లు పార్టిషన్ల చేతిలో ఉంటే సర్వర్ వాటిని బలవంతంగా లాక్కోదు. తిరిగి ఇవ్వని కోర్లుగా విడిగా లెక్కగట్టి, వాటికి రోజుల చొప్పున వసూలు చేస్తుంది. హెచ్‌ఎంసీలో ఎల్‌ఎస్‌కాడ్ కమాండ్‌తో బిల్లింగ్ వివరాలు తీస్తే, కోరిన రోజులు ఒకచోట, తిరిగి ఇవ్వని రోజులు మరొకచోట కనిపిస్తాయి. మీకు అదనంగా వచ్చిన 6 బహుశా 2 కోర్లు 3 రోజుల పాటు చిక్కుకుపోవడం వల్ల వచ్చినవి. మీరు కోర్లు కోరిన ఆ మూడు రోజుల్లో ఎవరైనా ఏదో ఒక పార్టిషన్ ఎన్‌టైటిల్‌మెంట్ పెంచి, మళ్ళీ తగ్గించడం మరిచారేమో చూడండి. నడుస్తున్న పార్టిషన్ల ఎన్‌టైటిల్‌మెంట్లు, డెడికేటెడ్ కోర్లు (ఒక్క పార్టిషన్‌కే కేటాయించినవి) కలిపిన మొత్తం 24 లోపు ఉంటేనే అరువు కోర్లు విడుదలవుతాయి.

ఇంకొక మాట: యాక్టివేట్ కాని కోర్లు ఊరికే పడి ఉన్నవి కావు. నడుస్తున్న కోరు చెడిపోయే సూచనలు కనిపిస్తే వాటిలో ఒకటి దాని స్థానంలోకి వస్తుంది. కనుక ఎనిమిదింటినీ ఒకేసారి వాడుకోవడం నాకు నచ్చదు.

జవాబు 3:

పై రెండు జవాబులతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలి. వర్చువల్ ప్రాసెసర్లను పెంచడానికి అదనంగా ఏమీ చెల్లించనక్కరలేదని తోస్తుంది కానీ, కోర్ల లెక్కన తీసుకున్న సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లు ఆ పార్టిషన్‌లో ఉంటే సంగతి వేరు. ఐబీఎం సబ్‌కెపాసిటీ లెక్కలో (సర్వర్ మొత్తానికి కాక వాడే భాగానికే లైసెన్స్ తీసుకునే పద్ధతిలో) అన్‌క్యాప్డ్ పార్టిషన్‌ను ఎన్‌టైటిల్‌మెంట్‌తో కాక వర్చువల్ ప్రాసెసర్లతో కొలుస్తారు; 6 కాస్తా 8 అయితే ఐఎల్‌ఎంటీ (ఐబీఎం లైసెన్స్‌ల వాడకాన్ని కొలిచే సాధనం) నివేదికలోనూ 8 అనే వస్తుంది. దానికి అడ్డుకట్టగా ఆ పార్టిషన్‌ను వేరొక షేర్డ్ పూల్‌లో ఉంచి పూల్‌కే గరిష్ఠ పరిమితి పెట్టవచ్చు, కానీ పరిమితిని 6 దగ్గరే ఉంచితే మీ మొదటి చిక్కు మళ్ళీ మొదటికి వస్తుంది. ఇతర సంస్థల డేటాబేస్ లైసెన్స్ నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి ఒప్పందం చదివిన తరువాతే పెంచండి.

మీ బ్యాచ్ రద్దీ రోజుకు గంటో రెండు గంటలో అయితే, రోజు చొప్పున చెల్లించడం కంటే ప్రాసెసర్ నిమిషాల చొప్పున లెక్కగట్టే యుటిలిటీ పద్ధతి మేలు కావచ్చు. కొత్త సర్వర్లు తీసుకునే ఆలోచన ఉంటే, 2019లో వచ్చిన పవర్ ఎంటర్‌ప్రైజ్ పూల్స్ 2.0ను కూడా పరిశీలించండి. అందులో కోర్లన్నీ యాక్టివేట్ అయ్యే ఉంటాయి. పూల్‌లోని సర్వర్లన్నింటి వాడకాన్ని కలిపి, కొనుక్కున్న బేస్ కెపాసిటీని దాటిన నిమిషాలకు మాత్రమే లెక్క కడతారు. తిరిగి ఇవ్వడం మరిచిపోయే ప్రమాదమే అక్కడ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండో జవాబులోని అనుమానం నిజమైంది: రిపోర్టింగ్ పార్టిషన్ ఎన్‌టైటిల్‌మెంట్‌ను మా బృందంలోనే ఒకరు పెంచి వదిలేశారు, మొత్తం 25.6కు చేరింది. తగ్గించగానే 2 కోర్లు వెనక్కి వెళ్ళాయి. లైసెన్స్ ఒప్పందం చూసుకున్నాక డేటాబేస్ పార్టిషన్‌కు 8 వర్చువల్ ప్రాసెసర్లు ఇచ్చి నిన్న మరొక బ్యాచ్ నడిపాం. అరువు కోర్లు లేకుండానే ఫిజ్‌సీ 7.9 వరకు వెళ్ళింది. పూల్‌లో మా సొంత కోర్లే ఖాళీగా ఉండేవన్నమాట. వచ్చే నెలాఖరుకు ఎలాస్టిక్ కోరే ముందు యాప్ వరుసను వారం రోజులు నమోదు చేయబోతున్నాం.