హైమండార్ఫ్ పరిశోధన చెంచులు, గోండుల వైపు ఎలా మళ్లింది?

ప్రశ్న: వియన్నాలో చదివి, నాగా కొండల్లో పరిశోధన ప్రారంభించిన మానవశాస్త్ర ఆచార్యులు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ మన ప్రాంతపు గిరిజనుల వైపు ఎలా వచ్చారో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: యుద్ధమే కారణమండీ. 1939లో ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందున బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశీయుడిగా పరిగణించి, హైదరాబాద్ సంస్థానం దాటకుండా కట్టడి చేసింది. ఆ పరిధిలోనే ఆయన నల్లమల చెంచుల నడుమ, ఆపై గోదావరి తీరపు కొండరెడ్ల నడుమ నివసిస్తూ అధ్యయనం సాగించారు.

జవాబు 2: పై వివరణకు ఒక ముఖ్యమైన అంశం చేర్చాలి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తరువాత, గోండుల అసంతృప్తికి మూలం వెదికే పనిని నిజాం ప్రభుత్వం ఆయనకే అప్పగించింది. తరతరాలుగా దున్నుకొంటున్న భూమి చేజారడమే అసలు కారణమని ఆయన తేల్చారు. పట్టాల కోసం పట్టుబట్టారు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం నెలకొల్పడానికి, గోండీలో వాచకాలు రావడానికి తోడ్పడ్డారు. ఆయన గ్రంథాలన్నిటికంటే ఈ పనే మిన్న అని నా దృఢాభిప్రాయం.

జవాబు 3: తరువాత లండన్‌లో ఆసియా మానవశాస్త్ర ఆచార్యులుగా పనిచేస్తూ నేపాల్ షెర్పాల మీద దృష్టి పెట్టారు. అయినా 1970లలో పాత గ్రామాలకే తిరిగివచ్చి, పట్టాలు పొందిన కుటుంబాల భూములు మళ్లీ బయటివారి పాలవుతున్న తీరును నమోదు చేశారు.