2008 పోర్షె బాక్స్‌టర్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తా ఉండా, తిరుపతిలో పెట్టుకోని మెయింటెయిన్ చెయ్యగలనా?

అలిపిరి_రోడ్:
అన్నలందరికీ నమస్తే. నాది తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డులో షాపు ఉండాది. చిన్నప్పటి నుంచి టాప్ తీసే బండి ఒకటి కొనాలని ఆశ, ఇన్నేళ్ళకి చేతిలో కొంచెం డబ్బు నిలబడింది. బెంగళూరులో ఒకాయన 2008 బాక్స్‌టర్ అమ్ముతా ఉండాడు, 2.7 ఇంజన్, 5 గేర్ల మాన్యువల్, మీటర్లో 41 వేలు, రెండో ఓనరు, 23 లక్షలు చెప్పినాడు, 21కి దిగుతాడేమో. పోయిన వారం పోయి చూసినా. సీట్ల వెనకాలే ఇంజన్ కదా, ఆ చప్పుడు చెవికంటే ముందు వీపుకి తెలుస్తాది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదన్నా.

మా నాయన మాత్రం ఆ డబ్బుకి షోరూం నుంచి కొత్త ఎస్‌యూవీ వస్తాది కదరా అంటాడు. నెలకి 400, 500 కిలోమీటర్లు మించి తిప్పను, ఆదివారం పొద్దున్నే చంద్రగిరి దాకా, ఎప్పుడన్నా హార్సిలీ హిల్స్. ఏడాదికి ఎంత పక్కన పెట్టుకోవాల? ఐఎంఎస్ బేరింగ్ అని ఒకటి పోతే ఇంజనే పోతాదంటా ఉండారు, నిజమేనా? ఇట్లాంటి బండి వాడినోళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాకాల_జంక్షన్:
నిజమే తమ్ముడూ, కానీ అన్ని మోడళ్ళకీ ఒకే మాట కాదు. ఆ ఇంజన్లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌కీ, వాల్వుల్ని ఆడించే క్యామ్ చైన్లకీ నడిమధ్య ఒక షాఫ్ట్ తిరుగుతా ఉంటాది, ఐఎంఎస్ అంటే అదే (ఇంటర్మీడియట్ షాఫ్ట్), దాని ఒక కొనకి సీల్ వేసిన బాల్ బేరింగ్ ఉంటాది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంజన్ ఆయిల్ సీల్ దాటి పోయి లోపలి గ్రీజుని కడిగేస్తాది, ఆ పాత ఆయిల్ ఆడే నిలబడిపోయి బేరింగ్ అరిగిపోతాది. అది విరిగితే టైమింగ్ తప్పి వాల్వులు పోయి పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇంగ ఇంజన్ లేనట్టే. 2000 నుంచి 2005 దాకా వేసిన సన్న బేరింగుతోనే ఎక్కువ గొడవ, అమెరికాలో 2001-05 బండ్ల మీద కోర్టు కేసు నడిచి 2013లో సెటిల్ అయింది. 2006 నుంచి పెద్ద బేరింగ్ వేసినారు, నువ్వు చూసింది అదే. అది పోవడం చాలా తక్కువ, కాకపోతే ఇంజన్ రెండుగా విడదీస్తే తప్ప బయటికి రాదు. క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ ఎట్లాగూ దింపుతారు కదా, అప్పుడు బేరింగ్ బయటి సీల్ తీసేయిస్తే కొత్త ఆయిల్ తగులుతా ఉంటాది. 2009 మోడల్‌కి ఇంజనే కొత్తది పెట్టినారు, అందులో ఈ షాఫ్టే లేదు. ఇంకొంచెం డబ్బు కూడితే నేనైతే ఆ తర్వాతి బండి కోసమే ఆగుతా.

బాకరాపేట_ఘాట్:
నేను మూడేళ్ళు ఒక పాత జర్మన్ రెండు సీట్ల బండి వాడినా, కంపెనీ పేరు ఈడ వద్దు. కొన్నాక నాలుగో నెలలో బాకరాపేట ఘాట్ ఎక్కతా ఉంటే తియ్యటి వాసన వచ్చింది, ఎవురో బెల్లం కాస్తా ఉండారేమో అనుకున్నాను, మీటర్ చూస్తే వేడి ముల్లు పైకి పోతా ఉండాది. ఆపి చూస్తే కూలెంట్ పైపు జాయింటు దగ్గర ప్లాస్టిక్ బిస్కెట్ మాదిరి విరిగిపోయింది, దాని చుట్టూ ఎండిపోయిన తెల్ల పొర, అంటే శానా రోజుల నుంచి కారతా ఉండాది, నాకు అమ్మినాయనకి తెలిసే ఉంటాది. ఆ ప్లాస్టిక్ ముక్క ధర 3 వేల లోపే. బండిని ఫ్లాట్‌బెడ్ మీద చెన్నైకి చేర్చడానికి, ఆడ విప్పినాక పక్కన ఉండే రబ్బర్లన్నీ మార్చడానికి కలిపి 70 వేలు దాటింది, పార్టు వచ్చేదానికి 5 వారాలు. అప్పుడు నాకు శానా బాధ అయింది, బండి మీద కాదు, చెప్పకుండా అమ్మినాయన మీద.

41 వేలే తిరిగింది అని సంబరపడొద్దు. అన్నేళ్ళు నిలబడిన బండికి రబ్బరు, సీళ్ళు, టైర్లు ఎండిపోయి ఉంటాయి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, చివరి రెండు తయారైన ఏడాది, అది చూడు. ముందు టైరు సన్నం, వెనక టైరు వెడల్పు, కాబట్టి ముందువి వెనక్కి మార్చుకోలేవు, పైగా ఆ బండిలో స్టెప్నీ ఉండదు. బంపర్ గాలి సందుల వెనక రేడియేటర్లు ఉంటాయి, వాటిల్లో ఆకులు చేరి కుళ్ళిపోతాయి, మన తిరుపతి మే నెల ఎండకి అవి మూసుకోనుంటే కష్టం. టార్చి వేసి చూడు. నా లెక్కలో ఏమీ చెడకపోయినా ఏడాదికి లక్షన్నర, అది కాకుండా 4 లక్షలు కదిలించకుండా బ్యాంకులో ఉండాల. ఆ 4 లక్షలు లేకపోతే 21 లక్షలకి కూడా కొనొద్దు నైనా.

పలమనేరు_బైపాస్:
పేపర్ల సంగతి ఎవురూ చెప్పలేదు. 2008 బండి అంటే 15 ఏళ్ళు 2023లోనే అయిపోయినాయి, ఆర్‌సీ రెన్యూవల్ చేయించినాడా లేదా చూడు. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకి ఆ ఫీజు 5,000, ఇంపోర్టెడ్ కారుకి 40,000. మళ్ళీ 2028లో 20 ఏళ్ళు దాటితే ఇంపోర్టెడ్‌కి 80,000, 2025 ఆగస్టులో పెంచినారు. ఆర్‌సీలో ఇంపోర్టెడ్ అని ఉండాదో లేదో అడుగు. కర్ణాటక ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాల, ఈడ లైఫ్ ట్యాక్స్ కట్టాల, 12 నెలలు మించి కేఏ నంబరుతో తిప్పితే పట్టుకుంటారు. ఈ ఖర్చంతా బేరంలో తగ్గించమను. ఇన్సూరెన్స్‌కి థర్డ్ పార్టీ 7,897, మీద జీఎస్టీ, ఫుల్ కవర్ ఇంత పాత బండికి ఇస్తారా అనేది కొనకముందే ఫోన్ చేసి కనుక్కో. కొండకి తీసుకుపోదామనుకుంటే ఘాట్లో ఎక్కేదానికి 28 నిమిషాలు, దిగేదానికి 40 నిమిషాల కంటే తగ్గకూడదు, అది గుర్తు పెట్టుకో.

చిత్తూరు_స్పానర్:
20 ఏళ్ళుగా ఇదే పని చేస్తా ఉండా, ఒక్క మాట చెప్తా. డబ్బు ఇచ్చేముందు బండి లిఫ్ట్ ఎక్కాల, ఆయిల్ ఫిల్టర్ మూత విప్పి కాగితం ఫిల్టర్ని కత్తితో కోసి తెల్ల గుడ్డ మీద విప్పి ఎండలో పెట్టి చూడాల. తళతళమనే రవ్వలు కనిపిస్తే అయస్కాంతం పెట్టు, అంటుకుంటే అది ఇనుము, బేరింగ్‌దే అనుకో, వెనక్కి వచ్చెయ్. గోధుమ రంగు ప్లాస్టిక్ ముక్కలైతే చైన్ ప్యాడ్లవి, అది వేరే సంగతి. రెండోది, స్కానర్ పెట్టిస్తే ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో వస్తాది, ఆ గంటలతో కిలోమీటర్లని భాగించు, సిటీ బండికి గంటకి 25, 30 రావాల, 10 వస్తే మీటర్ తిప్పినట్టే. ఎన్నిసార్లు గేర్ తప్పేసి ఇంజన్ మితిమీరి తిరిగిందో కూడా అందులోనే ఉంటాది. దీంట్లో ఆయిల్ చూసే పుల్ల లేదు, లెవల్ డిస్‌ప్లేలోనే చూపిస్తాది, అది పని చేస్తా ఉండాదా చూడు.

అలిపిరి_రోడ్:
అందరికీ చాలా థాంక్స్ అన్నా. ఓనరుకి ఫోన్ చేసినా, ఆర్‌సీ రెన్యూవల్ చేయించలేదంట, బండి ఈ మధ్య నడపనే లేదంట. ఫిల్టర్ కోసి చూస్తామంటే ముందు ఒప్పుకోలేదు, కొత్త ఫిల్టర్, ఆయిల్ నా డబ్బుతోనే వేయిస్తానంటే సరే అన్నాడు. గురువారం పొద్దున పోతా ఉండా. చిత్తూరు అన్నా, దారిలోనే కదా, నువ్వు రాగలవా? నీ రోజు కూలి నేనిస్తా.

చిత్తూరు_స్పానర్:
వస్తా. 5 గంటలకి కట్టమంచి దగ్గర ఎక్కుతా. మనం చేరేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని ఆయనకి గట్టిగా చెప్పు, చల్లటి ఇంజన్ మొదటి నిమిషం చప్పుడు నేను వినాల.