అమెరికాలో తద్దినం: తిథి ఇక్కడిదా, ఇండియాదా?

డల్లాస్ పెద్దోడు:
నాన్నగారి తద్దినం వచ్చే వారం. రాజమండ్రిలో తమ్ముడు బుధవారం అంటున్నాడు, ఇక్కడి గుడిలో పంతులుగారు మంగళవారం అన్నారు. ఇండియా లెక్కన తిథి మంగళవారం సాయంత్రం ఆరింటికి వచ్చి బుధవారం ఐదింటికి పోతోంది. అమ్మేమో "ఒక్క మనిషికి రెండు రోజుల తద్దినం ఏంట్రా" అని ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

గోదారి గట్టు:
బుధవారమే పెట్టండి. ఆయన పోయింది ఇక్కడ, కన్నభూమి ఇది, మీరు అక్కడికెళ్లారని ఆయన తిథి కూడా విమానం ఎక్కుతుందా? తమ్ముడు పెట్టేటప్పుడు వీడియో కాల్‌లో కూర్చోండి, అమ్మగారి మనసూ కుదుటపడుతుంది.

పంచాంగం పిచ్చోడు:
అలా కాదండీ. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగే కాలం తిథి, అది మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం ప్రపంచమంతా ఒకటే, మారేది మీ ఊళ్లో పొద్దు. ఇప్పుడు డల్లాస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా. అంటే మీకు తిథి మంగళవారం పొద్దున ఆరున్నరకి వచ్చి బుధవారం తెల్లారుజామున అయిదున్నరకి పోతుంది. తద్దినానికి తిథి ఉండాల్సింది అపరాహ్ణంలో, పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది. మీకు బుధవారం ఆ వేళకి తిథే లేదు! 2024 దీపావళి చూడండి, అక్టోబరు 31నా నవంబరు 1నా అని ఇక్కడ కొట్టుకున్నారు, అమెరికా లెక్కలో ఆ తగువుకి చోటే లేదు, ఒకటో తేదీ పొద్దున్నే అమావాస్య వెళ్లిపోయింది. అయినా మీ పంతులుగారు సంకల్పంలో మన "జంబూద్వీపే" బదులు "క్రౌంచద్వీపే" అంటారుగా? దేశం మార్చి చెప్పి కాలం మాత్రం రాజమండ్రిది వాడతామంటే ఎలా?

శనివారం బ్యాచ్:
మేం ఏటా దగ్గర్లో ఉన్న శనివారం కానిచ్చేస్తాం. సెలవు దొరకొద్దూ. తిట్టకండి.

గోదారి గట్టు:
తిట్టనులెండి, మానేసినవాళ్ల కన్నా నయం. పంచాంగంగారూ, లెక్క ఒప్పుకున్నా. కానీ తద్దినం లెక్క కోసం పెడతామా? వదినలూ మరదళ్లూ ఒకే పూట వంటింట్లో ఉండటం, నాన్న సంగతులు చెప్పుకోవడం, అదంతా పోదూ?

పంచాంగం పిచ్చోడు:
సంగతులు చెప్పుకోడానికి తిథి దేనికి? రోజూ చెప్పుకోండి. అన్నట్టు అన్నదమ్ములు వేరుపడితే ఎవరిది వాళ్లే పెట్టుకోవడం మన ఊళ్లలోనూ ఉన్నదే, రెండు రోజులైతే కొంప మునిగేదేం లేదు.

డల్లాస్ పెద్దోడు:
మంగళవారమే పెట్టేశానండీ. కాకులు రాలేదు, ఇక్కడ పార్కింగుల్లో తిరిగే పొడుగు తోక నల్లపిట్టలు వచ్చి పిండం తిన్నాయి. బుధవారం తమ్ముడు పెడుతుంటే అమ్మ ఫోన్ చేసి గారెలు చూపించి, "నీ దగ్గర నిన్ననే తినేశారుగా, ఇవాళ ఆకలి ఉంటుందంటావా" అంది. పంచాంగంగారూ, దీనికేదైనా లెక్క ఉందా?