దామాషా అనాలా, నైష్పత్తికం అనాలా?

ప్రశ్న: నేపాల్ ఎన్నికల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడ ప్రతినిధి సభలో 275 సీట్లు. 165 మనలాగే నియోజకవర్గాల నుంచి వస్తాయి. మిగిలిన 110 పార్టీలకు పడ్డ ఓట్ల వాటాను బట్టి పంచుతారు. ఈ రెండోదాన్ని నేపాలీలో 'సమానుపాతిక్' అంటారు. మన పేపర్లలో 'దామాషా', డిగ్రీ పుస్తకాల్లో 'నైష్పత్తిక ప్రాతినిధ్యం' కనిపిస్తున్నాయి. ఏది వాడమంటారు?

సబ్ ఎడిటర్: అనుమానమే లేదు, దామాషా. 'జనాభా దామాషా ప్రకారం రిజర్వేషన్లు' అని మీటింగుల్లో రోజూ వింటున్నదే. 'నైష్పత్తిక' అంటే పరీక్షకు చదివినవాళ్లు కూడా కూడబలుక్కోవాలి.

ప్రశ్నించినవారు: ఇంతకీ అది ఉర్దూ మాటా?

మరాఠీ తెలిసిన సభ్యురాలు: మరాఠీలో 'దామాశాహీ' ఉందండీ. దివాలా తీసినవాడి ఆస్తిని అప్పిచ్చినవాళ్లకు బాకీల లెక్కన పంచడం దాని అర్థం. ఐపీ పెట్టినవాడి దగ్గర మిగిలిందాన్ని పది లక్షలు ఇచ్చినవాళ్లకు ఎక్కువ, లక్ష ఇచ్చినవాళ్లకు తక్కువ సర్దుతారు కదా, అదే. ఒక్కడే మొత్తం ఎగరేసుకుపోడు, మిగతావాళ్లు ఉత్త చేతులతో పోరు. ఎన్నికలకు ఇంతకంటే అతికే మాట నాకు తోచడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకి 39.37 శాతం, 11 సీట్లు. దామాషా లెక్కన అయితే రెండుసార్లూ 69కి అటూఇటూ వచ్చేవి. (లెక్క కోసం చెప్పాను, పార్టీల గొడవ ఇక్కడ వద్దు.)

లెక్కల మాస్టారు: మాట బాగుంది కానీ దామాషా అనగానే పంపకం తెగదు. డబ్బుకు పైసలున్నాయి, సీటును కోయలేం. 5 సీట్లు, మూడు పార్టీలకు 48, 30, 22 శాతం ఓట్లు అనుకోండి. వాటాలు 2.4, 1.5, 1.1. బెల్జియంకు చెందిన డోంట్ పద్ధతిలో ప్రతి పార్టీ ఓట్లనూ 1, 2, 3తో భాగించి, వచ్చినవాటిలో పెద్ద అంకెలు ఐదు ఏరతారు: 48, 30, 24, 22, 16. మొదటి పార్టీకి 3, మిగతావాటికి ఒక్కొక్కటి. అంటే సగం ఓట్లు రాకుండానే మెజారిటీ! ఫ్రెంచ్ గణితవేత్త సాంత్-లాగ్యు పద్ధతిలో 1, 3, 5తో భాగిస్తారు. అప్పుడు 48, 30, 22, 16, 10. సీట్లు 2, 2, 1. రెండూ దామాషాయే, ప్రభుత్వం మాత్రం మారిపోతుంది.

ప్రశ్నించినవారు: అయ్యో, ఇది నా వ్యాసంలో లేదు, చేర్చాలి. ఇంకొకటి. నేపాల్‌లో 3 శాతం ఓట్లు దాటని పార్టీకి ఆ 110లో వాటా ఉండదు. ఆ గీతకు తెలుగులో ఏమనాలి?

సబ్ ఎడిటర్: 'కనీసం 3 శాతం ఓట్లు వస్తేనే' అని విడమరిచి రాసేయండి. దానికో సంస్కృత సమాసం పుట్టించక్కర్లేదు.

లెక్కల మాస్టారు: ఒక్క జాగ్రత్త. మన రాజ్యసభ ఎన్నికలను కూడా ఇదే పేరుతో పిలుస్తారు. రాజ్యాంగం 80వ అధికరణంలో ఉన్నదీ ఈ కోవలోదే. కానీ అక్కడ ఎమ్మెల్యేలు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యం వేస్తారు, పార్టీకి ఓటు వేయరు. కాబట్టి మొదటిసారి 'పార్టీ జాబితా దామాషా' అని రాయండి. ఆ తర్వాత ఉత్త దామాషా చాలు.