అప్‌డేట్: ఇసుక మింగే రాక్షసుడి నాటకం

మా కాలనీ నాటక బృందంతో పిల్లల కథలాంటి నాటకం వేస్తున్నాం, ఇసుక మింగే రాక్షసుడు అంటే ఏంటో జనానికి ఎలా అర్థమవుతుంది అని అడిగాను కదా. సూత్రధారుడి చేత చెప్పించమన్నారు చాలామంది. పెట్టలేదు. రాక్షసుడంటే ఒడ్డు ఇసుకని లాక్కుపోయే సముద్రమే, విశాఖలో పెరిగినవాళ్లకి ఆర్కే బీచ్ కోత గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. అలలతో పాటు ఉత్తరానికి నడిచే ఇసుక పోర్టు ఔటర్ హార్బర్ గోడల దగ్గరే ఆగిపోయి బీచ్‌కి చేరదు, దాన్ని డ్రెడ్జర్‌తో (అడుగు ఇసుక తోడే ఓడతో) తోడి బీచ్‌లో పోస్తుంటారు. మా కథలో రాజు ఓడల కోసం సముద్రానికి అడ్డంగా గోడ కడతాడు, గోడ అవతల ఇసుక అందని రాక్షసుడు ఆకలితో ఊరి మీద పడతాడు. రాజు మాత్రం చెడ్డవాడు కాదు, ఆ ఓడల మీదే ఊరు బతుకుతోంది, నాకు బాగా నచ్చింది ఇదే.

మాస్క్ కొందామనుకున్నాం గానీ జాలరిపేట కుర్రాడొకడు పాత వల తెచ్చి నలుగురి మీద కప్పాడు. వాళ్లు వంగి ఊపిరి పీల్చి వదులుతుంటే వల లేచి పడుతోంది, వెనక తప్పెటగుళ్లు దరువు, రిహార్సల్ చూస్తున్న పిల్లలు కాళ్లు పైకి లాగేసుకున్నారు!

ముగింపు ఇంకా తేలలేదు. రాజు గోడ కూల్చేస్తాడని రాస్తే, "మరి మా పడవలు ఎక్కడ కట్టుకోవాలి?" అన్నాడు ఆ కుర్రాడే. ఇప్పుడు రాజు ఏటేటా తట్టతో ఇసుక మోసేలా మారుస్తున్నాం, కళాభారతి ఆడిటోరియంలో డేట్ దొరికితే చెప్తాను, తప్పకుండా రండి.